కళ్ళకు గంతలు, అరచేతిలో కొబ్బరికాయ

గత రెండు నెలలుగా ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా అతీంద్రియ శక్తుల చుట్టూనే తిరిగాయి. అందువల్ల ఈ సంచికలో స్థలమంతా వాటికే కేటాయించాను. ఉత్తరాలను కుదించాను. తమ పేరు వేయవద్దని కొందరు కోరారు కనుక అందరి పేర్లూ తీసేశాను.

*ప్రశ్న: మా బాబుకు తొమ్మిదేళ్ళు. మిడ్‌బ్రెయిన్ యాక్టివేషన్ అనే శిక్షణలో చేర్పించాం. రెండు రోజుల తరగతుల తర్వాత కళ్ళకు గంతలు కట్టుకుని రంగులు చెబుతున్నాడు, అక్షరాలు చదువుతున్నాడు. మావారు ఇదంతా మోసమంటున్నారు. నేను మాత్రం కళ్ళారా చూశాను. ఏది నమ్మమంటారు? — ఒక తల్లి, గుంటూరు*

మీరు చూసినది నిజమే. బాబు చదివాడు. దేనితో చదివాడన్నదే తేల్చుకోవలసిన సంగతి. మధ్య మెదడు మన తలలో నిద్రపోతూ ఎవరో వచ్చి లేపేదాకా ఎదురుచూసే భాగం కాదు. కంటిపాప వెలుగుకు ముడుచుకోవడం, కనుగుడ్లు అటూ ఇటూ కదలడం, చప్పుడైన వైపు తల తిరగడం వంటివన్నీ దాని సాయంతోనే జరుగుతాయి. అక్కడి కణాలు కొన్ని క్షీణించినప్పుడే పార్కిన్సన్స్ జబ్బు వస్తుంది. బాబు పుట్టిన రోజు నుంచీ అది పనిచేస్తూనే ఉంది.

గంత ఎంత బిగించి కట్టినా ముక్కుకూ చెంపకూ మధ్య చిన్న సందు మిగులుతుంది. దాగుడుమూతలు ఆడిన ప్రతివారికీ ఈ సందు సంగతి తెలుసు. కార్డు చదివేటప్పుడు బాబు తల కొద్దిగా పైకెత్తుతున్నాడా, కార్డును ఛాతీ దగ్గరికి, కిందివైపుకు తెచ్చుకుంటున్నాడా అన్నది గమనించండి. తర్వాత కార్డును మీరే అతని తల వెనక పట్టుకుని అడగండి. లేదంటే అతనికి తెలియకుండా మూత ఉన్న స్టీలు డబ్బాలో పెట్టి, డబ్బాను అతని ముందుంచి అడగండి. చూపు మెదడులో నుంచి వస్తున్నట్లయితే ఈ మార్పులేవీ దానికి అడ్డు కాకూడదు. ఈ శిక్షణ తరగతులు దేశమంతటా వెలసిన రోజుల్లో మంగళూరుకు చెందిన హేతువాది నరేంద్ర నాయక్ ఇటువంటి తేలికైన పరీక్షలతోనే ఆ గుట్టు విప్పి చూపించారు.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పదలిచాను. పరీక్షలో బాబు తప్పితే అతణ్ణి దొంగను పట్టుకున్నట్టు పట్టుకోకండి. ముందుగా చూడగలిగిన పిల్లలకు చప్పట్లు, చూడలేని పిల్లలకు ‘ఇంకా శ్రద్ధ పెట్టు’ అన్న మందలింపులు దొరికే గదిలో, ఆ సందును కనుక్కోవడమే తనకు అప్పజెప్పిన పని అని తొమ్మిదేళ్ళ పిల్లవాడు అనుకోవడంలో వింత లేదు. ఫీజు తిరిగి అడగవలసింది నిర్వాహకులను, సంజాయిషీ అడగవలసిందీ వారినే.

*ప్రశ్న: నేను విశాఖపట్నంలో డిగ్రీ చదువుతున్నాను. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఒకప్పుడు పారాసైకాలజీ (అతీంద్రియ శక్తుల పరిశోధన) బోధించేవారని మా మాస్టారు చెప్పారు. విశ్వవిద్యాలయమే ఒక విభాగం తెరిచిందంటే టెలిపతీ (మాటా సైగా లేకుండా ఒకరి మనసులోది మరొకరికి తెలియడం) రుజువైనట్టే కదా? — ఒక విద్యార్థి*

మీ మాస్టారు చెప్పినది నిజం. 1967లో ఆచార్య కోనేరు రామకృష్ణారావు వాల్తేరులో సైకాలజీ, పారాసైకాలజీ విభాగాన్ని నెలకొల్పారు. ఆయన అంతకు ముందు అమెరికాలో నార్త్ కరొలినా రాష్ట్రం డర్హామ్ పట్టణంలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో జె.బి. రైన్ దగ్గర పనిచేశారు. తర్వాతి కాలంలో రైన్ స్థాపించిన సంస్థకే సారథ్యం వహించారు. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఉపకులపతి అయ్యారు. 2011లో పద్మశ్రీ అందుకున్నారు. ఈ రంగంలో ప్రపంచం గుర్తుపట్టే తెలుగువారు ఎవరంటే ముందు చెప్పవలసిన పేరు ఆయనదే. అయితే ఒక విషయానికి విభాగం తెరవడమంటే దానిని పరిశోధించదగిన ప్రశ్నగా ఒప్పుకున్నట్టు మాత్రమే అర్థం. జవాబు దొరికిందని కాదు.

రైన్ చదువు రీత్యా వృక్షశాస్త్రవేత్త. ఆత్మలను పిలిచే చీకటి గదుల తతంగంతో విసిగి, ఈ వ్యవహారాన్ని లెక్కలోకి తేవాలని ఆయన 1930ల ప్రారంభంలో సంకల్పించాడు. సహోద్యోగి కార్ల్ జెనర్ రూపొందించిన కార్డుల మీద వలయం, కూడిక గుర్తు, అలలు, చతురస్రం, నక్షత్రం అనే ఐదు బొమ్మలుంటాయి. ఒక్కొక్కటి ఐదేసి చొప్పున మొత్తం 25. చూడకుండా ఊహించేవారికి సగటున ఐదు సరిపోవాలి. అంతకు మించి, అదీ వేల సార్లు ఆడించినా మించుతూనే ఉంటే ఏదో ఉన్నట్టు. ఎంత సులువైన ఆలోచనో చూడండి. 1933–34లో హ్యూబర్ట్ పియర్స్ అనే విద్యార్థి గ్రంథాలయంలో కూర్చుని, వంద గజాల దూరంలో మరో భవనంలో రైన్ సహాయకుడు జె.జి. ప్రాట్ ఒక్కొక్కటిగా పక్కన పెడుతున్న కార్డులను ఊహిస్తూ పోయాడు. దూరాన్ని పెంచి కొన్ని విడతలు చేసినవి కూడా కలుపుకుంటే మొత్తం ఊహలు 1850, అదృష్టం కొద్దీ సరిపోవలసినవి 370, సరిపోయినవి 558. ఇంత తేడా యాదృచ్ఛికంగా రావడం అసాధ్యమనే చెప్పాలి.

అసలు చిక్కంతా ఇక్కడే మొదలైంది. యాదృచ్ఛికం కాదని గణితం చెప్పగలదు గాని, మరేమిటన్నది అది చెప్పదు. 1960లో డ్యూక్‌కు వెళ్ళిన సి.ఇ.ఎం. హాన్సెల్ అనే మనస్తత్వవేత్త ఆ గదులనూ వరండాలనూ పరిశీలించి, పియర్స్ గ్రంథాలయంలో కూర్చున్నంతసేపూ అతని మీద కాపలా ఎవరూ లేరని, అతను లేచి వెళ్ళి తొంగిచూసి రావడానికి అడ్డేమీ లేదని ఎత్తిచూపాడు. చూశాడని రుజువు లేదు. చూడలేదనీ రుజువు లేదు. శతాబ్దానికి ఒకసారి దొరికే ఫలితాన్ని ఒక కాపలాదారు లేని కారణంగా పోగొట్టుకున్నారని నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. రైన్ మొదట్లో వాడిన కార్డులు కొన్నింటిలో వెనక నుంచి బొమ్మ లీలగా కనిపించేదన్న ఫిర్యాదు సరేసరి.

తర్వాతి చరిత్ర ఇంకా చేదు. లండన్‌లో శామ్యూల్ సోల్ అనే గణిత అధ్యాపకుడు 1940లలో ప్రకటించిన అద్భుత ఫలితాలను ఈ రంగంవారు దశాబ్దాల పాటు తలకెత్తుకున్నారు. 1978లో బెట్టీ మార్క్‌విక్ ఆయన అంకెల పట్టికలను కంప్యూటరుతో వెదికించి, సరైన జవాబులు తర్వాత ఇరికించినవని బయటపెట్టింది. 1974లో రైన్ సొంత సంస్థలోనే, ఆయన తన వారసుడిగా ఎంచుకున్న వాల్టర్ లెవీ యంత్రం తీగను లాగి లెక్క తారుమారు చేస్తుండగా సహచరులు రహస్యంగా మరో తీగ వేసి పట్టుకున్నారు. పట్టుకున్నవారు కూడా ఆ రంగంలోనివారే, మార్క్‌విక్ సహా. రైన్ లెవీని వెంటనే తొలగించి, జరిగినదంతా తన పత్రికలోనే రాశాడు. ఆ నిజాయితీని విమర్శకులు తగినంత గుర్తించలేదని నా అభిప్రాయం.

మోసాలను పక్కన పెట్టి, నిజాయితీగా జరిగిన ప్రయోగాలనే చూద్దాం. 1970లలో ఛార్లెస్ హోనోర్టన్ మొదలైనవారు కొత్త పద్ధతి తెచ్చారు. ఊహించే వ్యక్తి కళ్ళ మీద సగానికి కోసిన పింగ్‌పాంగ్ బంతి చిప్పలు, ఎదురుగా ఎర్రటి దీపం, చెవుల్లో సముద్రపు హోరు వంటి శబ్దం. వేరే గదిలో ఒకరు ఒక బొమ్మను చూస్తూ పంపే ప్రయత్నం చేస్తారు. చివర నాలుగు బొమ్మల్లో ఏదో గుర్తించాలి. అదృష్టం వాటా నూటికి 25. హోనోర్టన్, డారిల్ బెమ్ 1994లో నూటికి 32 దాకా వచ్చిందని రాశారు. 1999లో మిల్టన్, వైజ్‌మన్ తర్వాతి 30 ప్రయోగాలను కలిపి చూస్తే చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. 2011లో అదే బెమ్, రాబోయేదాన్ని మనుషులు ముందే పసిగడతారంటూ వెయ్యి మందికి పైగా పాల్గొన్న తొమ్మిది ప్రయోగాలను పేరున్న మనస్తత్వ పత్రికలో అచ్చువేశాడు. తెర మీద రాబోయే బొమ్మ ఎటువైపు ఉంటుందో ఊహించే ప్రయోగంలో నూటికి యాభైకి బదులు 53 చిల్లర సరిపోయాయి. ఇతరులు అదే పని మళ్ళీ చేస్తే రాలేదు.

బెమ్ మోసగాడు కాడు. ఆయన అందరూ వాడే పద్ధతులనే వాడాడు. అంకెలు చేతికొచ్చాక వాటిని పది రకాలుగా లెక్కించి, అనుకూలంగా వచ్చిన లెక్కను రాయడం ఆనాడు మనస్తత్వశాస్త్రమంతటా మామూలే. ఆ పద్ధతిలో భవిష్యద్దర్శనం కూడా ‘రుజువు’ అవుతుందంటే, అదే పద్ధతిలో రుజువైన మిగతా సంగతుల మాటేమిటని అందరికీ భయం పట్టుకుంది. ప్రయోగానికి ముందే లెక్క పద్ధతిని నమోదు చేయాలన్న నియమం ఇప్పుడు ఇంతగా వ్యాపించడానికి ఉన్న కారణాల్లో ఆ వ్యాసం ఒకటి. మనస్తత్వశాస్త్రానికి పారాసైకాలజీ చేసిన ఉపకారం ఇదేనేమో!

*ప్రశ్న: అమెరికా గూఢచారి సంస్థ సి.ఐ.ఎ. దూరదృష్టి (ఎక్కడో ఉన్నదాన్ని కదలకుండా మనసుతోనే చూసే శక్తి) ఉన్నవారిని ఉద్యోగంలో పెట్టుకుందని, ఆ పత్రాలు ఇప్పుడు బహిరంగమని వీడియోల్లో చూశాను. నిజమేనా? — కరీంనగర్ పాఠకుడు*

పత్రాలు నిజమే. 1972లో కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో హెరాల్డ్ పుతాఫ్, రసెల్ టార్గ్ అనే భౌతికశాస్త్రవేత్తలతో మొదలైన ఆ పథకం పేర్లు మారుతూ, చేతులు మారుతూ 1995 దాకా నడిచింది. దాదాపు రెండు కోట్ల డాలర్లు ఖర్చయ్యాయి. చివర్లో సమీక్షకు పిలిచిన ఇద్దరిలో గణాంకవేత్త జెసికా ఉట్స్ ఫలితాల్లో ఏదో ఉందన్నారు, మనస్తత్వవేత్త రే హైమన్ ఆ ముగింపుకు ఆధారం చాలదన్నారు. ఆ సమాచారం ఒక్కసారి కూడా గూఢచర్య చర్యకు దారి చూపలేదని నివేదిక తేల్చింది. ఇరవై ఏళ్ళకు పైగా ప్రభుత్వం డబ్బు పోశాక, రహస్యాల కోసం ఆకలిగొన్న సంస్థే దాన్ని మూసేసిందన్న భాగాన్ని వీడియోలు చెప్పవు.

*ప్రశ్న: మా ఊళ్ళో ఒకాయన అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని పొలంలో నడుస్తాడు. నీళ్ళున్న చోట కాయ నిలబడుతుంది. ఆయన పాయింటు పెట్టిన చోట నాకు రెండించుల నీళ్ళు పడ్డాయి. జియాలజిస్టు చెప్పిన చోట మా తమ్ముడి బోరు ఫెయిలైంది. మీరేమంటారు? — ఒక రైతు, కదిరి*

ఈ ప్రశ్నను తేలిగ్గా తీసిపారేసే హక్కు నాకు లేదు. బోరు వెనక మీరు పెట్టే అప్పు ఎంతో, అది ఎండిపోతే ఏమవుతుందో తెలిసినవారెవరూ నవ్వరు. ముందు కాయ సంగతి చూద్దాం. అరచేతి మీద అడ్డంగా పడుకోబెట్టిన కొబ్బరికాయ నిలకడ లేని స్థితిలో ఉంటుంది. వేళ్ళు వెంట్రుకవాసి వంగినా చాలు, అది లేస్తుంది. వై ఆకారపు వేపపుల్ల కూడా అంతే, దాన్ని రెండు చేతులతో వంచి పట్టుకున్నప్పుడే అందులో బిగువు చేరుతుంది. చేతిని కదిలించేది ఆ మనిషే, కాని కదిలించానన్న స్పృహ అతనికి ఉండదు. మనసులోని ఊహ కండరాల్లోకి తెలియకుండా జారుతుందని 1852లో విలియం కార్పెంటర్ వివరించాడు. ఆత్మలు బల్లలను తిప్పుతున్నాయని ఇంగ్లండులో గగ్గోలు రేగితే, 1853లో మైకేల్ ఫారడే బల్లకూ చేతులకూ మధ్య జారే అట్టలు పెట్టి, ముందు కదిలేది చేతులేనని చూపించాడు. కనుక మీ ఊరాయన అబద్ధమాడుతున్నాడని నేను అనను.

ఇక నీళ్ళ సంగతి. మీ ప్రాంతం కింద ఉన్నది గట్టి రాయి. నీరు పైనున్న శిథిలమైన పొరలోనూ, ఆ కింద రాతి పగుళ్ళలోనూ ఉంటుంది. పగులు తగిలితే నీళ్ళు, పది గజాలు పక్కకు జరిగితే దుమ్ము. జియాలజిస్టు ఇనుప కడ్డీలు పాతి కరెంటు పంపి నేల ఎంత అడ్డుకుంటుందో కొలుస్తాడు. తడి ఉన్న పొర తక్కువ అడ్డుకుంటుంది. అది కూడా అవకాశాన్ని పెంచుతుందే గాని హామీ ఇవ్వదు. అందుకే ఒక బోరు పడటం, ఒక బోరు పోవడం ఎవరి విద్యకూ పరీక్ష కాదు. పైగా పడిన బోరును ఊరంతా చెప్పుకుంటుంది, పోయినదాన్ని మట్టి కప్పేస్తుంది.

పరీక్ష జర్మనీలో జరిగింది. 1987–88లో మ్యూనిక్ శాస్త్రవేత్తలు దాదాపు 500 మందిని వడపోసి, మేటి అనుకున్న 43 మందిని ఎంచి, ఒక ధాన్యపు కొట్టం కింది అంతస్తులో నీటి గొట్టాన్ని పది మీటర్ల పొడవునా చోటు మారుస్తూ, పై అంతస్తు నుంచి దాని జాడ చెప్పమన్నారు. 843 సార్లు. కొందరిలో నిజమైన శక్తి ఉందని వారు రాసుకున్నారు. అవే అంకెలను జె.టి. ఎన్‌రైట్ 1999లో మళ్ళీ చూసి, ఊహతో చెప్పినదానికీ వీటికీ తేడా లేదని తేల్చాడు.

మీరు ఖర్చు లేకుండా ఒక పని చేయవచ్చు. ఆయనతో ఒకే పొలంలో ఐదు చోట్లు గుర్తు పెట్టించండి. తర్వాత గుర్తులు తీసేసి, కళ్ళకు గట్టిగా గుడ్డ కట్టి, నాలుగు చుట్లు తిప్పి, అదే పొలంలో మళ్ళీ నడిపించండి. కాయ అవే ఐదు చోట్ల లేస్తే నాకు ఉత్తరం రాయండి, బస్సెక్కి వస్తాను. లేవకపోయినా ఆయనను పూర్తిగా వదులుకోనక్కర్లేదు. నలభై ఏళ్ళు పొలాల్లో తిరిగిన మనిషికి పుట్టలు, చెట్లు, వాలు, మట్టి రంగు చెప్పే కబుర్లు తెలిసి ఉంటాయి. వరాహమిహిరుడు బృహత్సంహితలో దకార్గళమనే అధ్యాయమంతా ఇటువంటి గుర్తుల గురించే రాశాడు. అవన్నీ నిజమని కాదు గాని, కాయను పక్కన పెట్టి ఆ చోటునే ఎందుకు ఎంచుకున్నావని అడిగితే వినదగ్గ మాట రావచ్చు. పాయింటు ఖాయం చేసుకునే ముందు మాత్రం భూగర్భ జలశాఖ వారి చేత కూడా చూపించండి.

*ప్రశ్న: మార్ఫిక్ రెజొనెన్స్ సిద్ధాంతం చెప్పిన రూపర్ట్ షెల్డ్రేక్ మా పటాన్‌చెరువులో పనిచేశారట. ఆయనను శాస్త్రవేత్తలు వెలివేశారని చదివాను. ఖండాలు కదులుతాయన్న వెగెనర్‌ను కూడా ఒకప్పుడు ఇలాగే గేలిచేశారు కదా? — సంగారెడ్డి పాఠకురాలు*

పనిచేశారు. 1974 నుంచి అక్కడి పంటల పరిశోధనా సంస్థ ఇక్రిశాట్‌లో కంది, శనగ మొక్కల జీవనక్రియల మీద ఆయన చేసిన కృషి గట్టిదే. ప్రకృతిలో ఒకసారి ఏర్పడిన రూపానికి, ఒకసారి నేర్చిన అలవాటుకు జ్ఞాపకం వంటిది మిగిలి, దూరంతో పనిలేకుండా ఆ జాతివారందరికీ సులువవుతుందన్నది తర్వాత ఆయన ప్రతిపాదించిన ఆలోచన. 1981లో ఆ ఆలోచనతో ఆయన రాసిన పుస్తకం వచ్చినప్పుడు ‘నేచర్’ సంపాదకుడు జాన్ మాడాక్స్ ‘తగులబెట్టవలసిన పుస్తకమా?’ అన్న శీర్షికతో సంపాదకీయం రాశాడు. అది తప్పని నేననుకుంటాను. ఆ శీర్షిక పుస్తకానికి చేసిన మేలు మరే ప్రకటనా చేయలేదు. జవాబు ప్రయోగంలో ఉండాలి. జీవశాస్త్రవేత్త స్టీవెన్ రోజ్ ఆ తర్వాత షెల్డ్రేక్‌తో కలిసి కోడిపిల్లలపై ఆ ప్రయోగం చేశాడు: కొన్ని పిల్లలు నేర్చిన అయిష్టం తర్వాతి విడతల పిల్లలకు తనంతట తాను సంక్రమిస్తుందా అని. లేదని రోజ్ రాశాడు. అవే అంకెల్లో ఉందని షెల్డ్రేక్ రాశాడు.

వెగెనర్ సంగతి వేరు. 1912లో ఆయన చూపిన ఆధారాలు ఎవరైనా వెళ్ళి తడిమి చూడగలిగినవి. మీ రాష్ట్రంలోనే గోదావరి లోయలో సింగరేణి బొగ్గు గోండ్వానా కాలపు (దక్షిణ ఖండాలు, మన దేశం కలిసి ఉన్ననాటి) పొరల్లోనిది; ఆ కాలపు గ్లాసోప్టెరిస్ అనే మొక్క శిలాజాలు మన దేశంలోను, దక్షిణాఫ్రికాలోను, దక్షిణ అమెరికాలోను, ఆస్ట్రేలియాలోను దొరుకుతాయి. ఖండాలను ఏ బలం కదిలిస్తుందో ఆయన చెప్పలేకపోయాడు, గేలిచేసినవారు అక్కడ పట్టుకున్నారు. 1960లలో సముద్రగర్భం విస్తరిస్తోందని తెలిశాక ఆ లోటూ తీరింది. ఏళ్ళు గడిచేకొద్దీ, పరికరాలు మెరుగయ్యేకొద్దీ వెగెనర్ ఆధారాలు పెరిగాయి. అదే అతీంద్రియ శక్తుల పరిశోధనలో పియర్స్ నాడు 370కి బదులు వచ్చిన 558 ఎక్కడ, బెమ్ నాడు యాభైకి బదులు వచ్చిన 53 ఎక్కడ? కాపలా పెరిగినకొద్దీ ఫలితం కరిగింది.

*ప్రశ్న: క్వాంటమ్ ఎంటాంగిల్‌మెంట్‌కు 2022లో నోబెల్ ఇచ్చారు. దూరంగా ఉన్న రెండు కణాలకు సంబంధం ఉంటే, ఇక్కడ నాకూ, ఊళ్ళో ఉన్న మా అమ్మకూ ఎందుకు ఉండకూడదు? — న్యూజెర్సీ పాఠకుడు*

ఆ కణాల సంబంధంతో ఒక్క అక్షరం కూడా పంపలేం. మీ దగ్గర కొలిచినా, ఊళ్ళో కొలిచినా ఎవరికి వారికి దొరికేది పొంతన లేని సున్నాలు, ఒకట్ల వరుసే. ఆ రెండు వరుసలకూ పొత్తు ఉందని తెలియాలంటే ఒకరికొకరు ఫోను చేసి పోల్చుకోక తప్పదు. ఆ ఫోనేదో నేరుగా మీ అమ్మగారికే చేయండి. 1973లో నోబెల్ పొందిన భౌతికశాస్త్రవేత్త బ్రయన్ జోసెఫ్‌సన్ క్వాంటమ్ సిద్ధాంతంతో టెలిపతీని వివరించవచ్చని 2001లో బ్రిటిష్ తపాలా శాఖ స్టాంపుల పుస్తకంలో రాసి తోటివారి కోపానికి గురయ్యాడు. బహుమతి మనిషికి ఇస్తారు గాని అతని అభిప్రాయాలన్నిటికీ ఇవ్వరు.

*ప్రశ్న: మా మేనమామ చనిపోయినట్టు కల వచ్చింది. తెల్లవారి ఫోను వచ్చింది, ఆ రాత్రే పోయారని. ఇది యాదృచ్ఛికమంటే నా మనసు ఒప్పుకోవడం లేదు. — రాజమండ్రి పాఠకురాలు*

ఒప్పుకోకపోవడం సహజం, అటువంటి ఉదయాన గణితం ఎవరికీ ఊరటనివ్వదు. అయినా మీరు అడిగారు కాబట్టి చెబుతాను. ఏ ఒక్క రాత్రి చూసినా, ఒక మనిషికి ఇటువంటి కల పడి నిజం కావడానికి పది లక్షల్లో ఒక వంతే అవకాశం ఉందనుకుందాం. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి రాష్ట్రంలో సుమారు 8 కోట్ల 46 లక్షల మంది ఉన్నారు. అంటే ప్రతి రాత్రీ తెలుగు నేల మీద ఎనభై మందికి పైగా మీవంటి ఉదయమే ఎదురవుతుంది. మేనమామకు ఒంట్లో బాగాలేదని ముందే తెలిసి ఉంటే ఆ అవకాశం మరెంతో పెరుగుతుంది. నిజం కాని కలలు మధ్యాహ్నానికే మరచిపోతాం. వాటి గురించి నాకెవరూ ఉత్తరం రాయరు.

మీకు ఓపిక ఉంటే తలగడ పక్కన ఒక నోటుపుస్తకం ఉంచుకోండి. నిద్ర లేవగానే, ఫోను ముట్టుకోకముందే, ఎవరికి ఏమైనట్టు కల వచ్చిందో తేదీ వేసి రాయండి. నిజమైనవీ కానివీ అన్నీ. ఏడాది నిండాక దాన్ని నాకు పంపితే ఇద్దరం కలిసి లెక్కపెడదాం.